చేనిలోని మూగసాక్షులు

తొలకరి జల్లులు పడినంతనే పత్తి పండు మండలములలో విత్తనపు దుకాణముల యెదుట రైతులు బారులు తీరి నిలుచుట మనమందరము ఎరిగినదే. రైతు చేతికి వచ్చు పొట్లముపై రకము పేరు, కంపెనీ పేరు, ధర, మొలకశాతము అచ్చువేయబడి యుండును. ఆ విత్తనము పంటను ఏ పురుగునుండి కాపాడునో దుకాణదారుడు నోట చెప్పును. కాని చేనిలో రైతునకు సాయపడు పురుగుల గతి ఏమగునో పొట్లముపై వ్రాయబడదు, దుకాణదారుడు చెప్పలేడు, అడుగవలెనన్న తలంపు రైతునకును కలుగుట లేదు. జన్యుమార్పిడి పంటలనుగూర్చి మన దేశములో ఇరువదియేండ్లకు పైగా జరుగుచున్న వాదములో తక్కిన ప్రశ్నలన్నియు వినబడినవి; ఈ ప్రశ్న మాత్రము మూలబడినది. దానినే ఈ వారము పాఠకుల ముందుంచుచున్నాము.

పత్తిచేనిలో తిరుగు పురుగులన్నియు పంటకు శత్రువులు కావు. ఎర్రని వీపుపై నల్లచుక్కలు గల అక్షింతల పురుగు దినమునకు పదులకొలది పేనుబంకను తినును. అల్లికరెక్కల పురుగు పిల్లదశలో పేనుబంకను, రెక్కలపురుగుల గ్రుడ్లను ఆరగించును. కందిరీగల జాతికి చెందిన ట్రైకోగ్రామా యను కీటకము ఆవగింజకంటె చిన్నది. అది కాయతొలుచు పురుగు గ్రుడ్డులో తన గ్రుడ్డు పెట్టును. ఆ గ్రుడ్డునుండి గొంగళి వెలువడుటకు మారుగా మరియొక ట్రైకోగ్రామా వెలువడును. సాలీళ్లు, తూనీగలు, గొల్లభామలు వేటాడి తినును. తేనెటీగలు పూవునుండి పూవునకు పుప్పొడిని చేర్చును. ఈ సేనకు జీతబత్తెములు లేవు. ఇది చేనిలో నున్నంతకాలము రైతు దాని యునికిని గుర్తింపడు. పోయిన తరువాత మందుల దుకాణమువాని పద్దులో దాని విలువ తేలును.

ఆ పద్దు ఆంధ్రదేశము ఇదివరకే చెల్లించినది. 1980వ దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగళ్లలో పత్తిపై పైరిత్రాయిడు మందులు విచ్చలవిడిగా చల్లబడెను. మందునకు మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు. మిత్రకీటకములు నశించెను, తెల్లదోమ విజృంభించెను, 1987లో శనగపచ్చపురుగు ఆ మందులకు లొంగక కాయలను తొలిచివేసెను. పదియేండ్లు తిరిగిన పిమ్మట, 1997-98లో, వరంగల్లు జిల్లాలో అదే కథ మరింత ఘోరముగా నడచెను. పురుగును చంపలేని మందులకై అప్పులపాలైన రైతులలో అనేకులు ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిరి. బీటీ పత్తి మన దేశమునకు వచ్చిన నేపథ్య మిది. 2002 మార్చిలో కేంద్రప్రభుత్వ సంఘము దానికి అనుమతి నొసగినపుడు, మందు తగ్గునన్న ఆశతోనే మన రైతులు దానిని చేకొనిరి. ఆ ఆశను తప్పుపట్టుట న్యాయము కాదు.

ఆ విత్తనములో నున్నదేమి? నేలలో నివసించు బాసిల్లస్ తురింజెన్సిస్ అను సూక్ష్మజీవినుండి ఒక జన్యువును తీసి పత్తిమొక్కలో చేర్చిరి. మొక్క తనంతట తానే ఆ సూక్ష్మజీవి విషమును తయారుచేసికొనును. దానిని తిన్న గొంగళి ప్రేగులు చిల్లులు పడి చచ్చును. ఈ సూక్ష్మజీవిని మొట్టమొదట 1901లో గుర్తించినవాడు జపాను శాస్త్రజ్ఞుడు ఇషివాతా. ఆయన దానిని కనుగొన్నది పంటను తిను పురుగులో కాదు. జబ్బుపడి చచ్చుచుండిన పట్టుపురుగులలో! తరువాత జర్మనీలోని తురింజియా సీమ పేరున దానికి నేటి పేరు వచ్చినది. హిందూపురము, మదనపల్లి ప్రాంతములలో పట్టుపురుగుల పెంపకముచే జీవించువారు ఈ సంగతిని మనసున నుంచుకొనదగును. పత్తి పుప్పొడి బరువైనది, జిగురుగలది; గాలిలో దూరము పోదు. కావున మల్బరితోటకు దానివలన భయము స్వల్పమే. మేము చెప్పునది వేరు. ఈ విషము పురుగు కులమును చూచునే గాని గుణమును చూడదు. రెక్కలపురుగుల, సీతాకోకచిలుకల కులములో శత్రువులును గలరు, మిత్రులును గలరు.

ఇక సాక్ష్యము మాట. న్యాయస్థానములో ఉభయపక్షముల సాక్ష్యమును విని తూచవలసినట్లే ఇచ్చటను తూచవలెను. 1999 మేలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు నేచర్ పత్రికలో ఒక ప్రయోగమును ప్రకటించిరి. బీటీ మొక్కజొన్న పుప్పొడిని చల్లిన ఆకులను మొనార్కు అను సీతాకోకచిలుక పిల్లలకు మేపగా నాలుగు దినములలో నూటికి 44 చచ్చెను. లోకమంతయు గగ్గోలు పడెను. కాని రెండేండ్లలో, 2001లో, పలువురు శాస్త్రజ్ఞులు పొలములలోనే పరిశోధించి, చేనిలో ఆకులపై నిజముగా పడు పుప్పొడి అంత హాని చేయునంతటిది కాదని తేల్చిరి. ఒక్క రకపు మొక్కజొన్న పుప్పొడిలో మాత్రము విషము హెచ్చుగా నుండెను; ఆ రకము అంగడినుండి తొలగిపోయెను. అల్లికరెక్కల పురుగునకు హాని కలుగునని 1998లో స్విట్జర్లండునుండి వెలువడిన మాటయు ఇట్లే తరువాత బలహీనపడెను. బీటీ విషమువలన జబ్బుపడిన ఆహారమును తినుటచే అది క్షీణించినది గాని విషముచే నేరుగా కాదని తదుపరి పరిశోధకులు చూపిరి.

అనుకూలమైన సాక్ష్యమును దాచుట మాకు తగదు. 42 క్షేత్రప్రయోగములను ఒకచోట చేర్చి 2007లో సైన్స్ పత్రికలో ప్రకటించిన పరిశీలన ప్రకారము, మందు చల్లిన మామూలు చేలకంటె బీటీ చేలలోనే ఇతర కీటకములు ఎక్కువగా నుండెను. ఐతే ఏ మందును చల్లని మామూలు చేలతో పోల్చినపుడు బీటీ చేలలో కొన్ని జాతులు తక్కువగా కనబడెను. ఉత్తర చైనాలో 1990 మొదలు 2010 వరకు 36 చోట్ల చేసిన గణనలో, బీటీ పత్తి వచ్చి మందులు తగ్గిన తరువాత అక్షింతల పురుగులు, అల్లికరెక్కల పురుగులు, సాలీళ్లు వృద్ధిచెందెనని 2012లో వెల్లడియైనది. అవి చుట్టుపట్ల పంటలలో పేనుబంకను కూడ అణచెను. బీటీ పత్తియే మిత్రకీటకములను చంపివేసినదని కేకలువేయువారు ఈ సాక్ష్యమును చదువుకొనవలయును.

ఐనను ఈ సాక్ష్యమును సరిగా చదివినవారికి దానిలోని షరతు కనబడకపోదు. మిత్రులు బ్రతికినది విత్తనముచే కాదు, మందు తగ్గుటచే. మందు తగ్గినన్నాళ్లు లాభము. మందు మరల వచ్చిననాడు లాభము సున్న. మన దేశములో జరిగినది ఇదియే. మొదట కొన్నియేండ్లు మందులు తగ్గినమాట నిజము. కాని గులాబిరంగు పురుగు బీటీ విషమునకు అలవాటుపడెను. గుజరాతులో మొదటి తరము విత్తనమునకు అది లొంగుట లేదని 2010లో కంపెనీవారే ఒప్పుకొనిరి. రెండు జన్యువుల విత్తనము 2006లోనే వచ్చియుండెను; 2015 నాటికి అదియు ఓడెను. తెలంగాణమునను ఆంధ్రమునను గుడ్డిపూలు, పుచ్చుకాయలు రైతులకు మరల నిత్యదర్శనములైనవి. వేరొక వైపు రసము పీల్చు పురుగులపై ఈ విషమునకు ప్రభావమే లేదు. అంగడికి వచ్చిన సంకరరకములలో అనేకము పచ్చదోమకు, తెల్లదోమకు తట్టుకొనలేనివి. చైనాలో సైతము మందు తగ్గిన చేలలో మిరిడ్ నల్లులు పెచ్చుపెరిగెనని 2010లో తేలెను. 2015లో పంజాబులో తెల్లదోమ పత్తిని భారీగా పాడుచేసెను. ఆ చేలు చాలవరకు బీటీ చేలే. నాగపూరులోని కేంద్ర పత్తి పరిశోధనాసంస్థకు పూర్వము అధిపతియైన కేశవ్ రాజ్ క్రాంతియు, గ్లెన్ స్టోన్ అను అమెరికా పండితుడును 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారము, మన రైతు పురుగుమందులపై పెట్టు ఖర్చు బీటీ రాకకు పూర్వముకంటెను మించిపోయినది. గుంటూరు 1987లో నేర్చిన పాఠము మరల మొదటినుండి చదువవలసి వచ్చినది.

ఇంకొక సంగతి. పొట్లములోని గింజ రంగుపూతతో నుండుట రైతులు ఎరుగుదురు. ఆ పూతలో రసముపీల్చు పురుగులకై ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు కలుపబడును. తేనెటీగలకు హాని కలిగించునని ఆ మందునే, దానికి చుట్టములైన మరి రెంటిని, ఆరుబయట పొలములలో వాడరాదని యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించినది. మరి మన సర్కారు బీటీ విషము తేనెటీగను చంపునా యని పరీక్షించి, చంపదని సంతోషించి ఊరకున్నచో, ఆ పరీక్ష ఏ విత్తనమునకు జరిగినట్లు? రైతు నాటునది జన్యువును మాత్రమే కాదు. పూత, సంకరరకపు బలహీనత, దానికై చల్లు మందు, అన్నిటిని కలిపి నాటుచున్నాడు. పరీక్ష అన్నిటికిని కలిపి జరుగవలెను.

మిత్రకీటకముల బలమెంతటిదో చూపుటకు ఒక్క దృష్టాంతము చాలును. 2006 ప్రాంతమున గుజరాతు, పంజాబు పత్తిచేలలో పరదేశమునుండి వచ్చిన పిండినల్లి యొకటి పుట్టలుపుట్టలుగా వ్యాపించెను. మైనపుపూత గల ఆ నల్లిపై మందులు అంతగా పనిచేయలేదు. అంతలో ఎవరును తెప్పింపకయే, ఎవరును విడువకయే, ఒక చిన్న కందిరీగజాతి కీటకము చేలలో ప్రత్యక్షమై, నల్లి దేహములో గ్రుడ్లు పెట్టి దానిని నశింపజేసెను. 2009లో శాస్త్రజ్ఞులు దానికి ఈనాసియస్ బంబావలై యని పేరుపెట్టిరి. మందు చల్లని చేలలో అది తన పనిని చక్కగా నెరవేర్చెను. ఏ కంపెనీయు దానికి ధర కట్టలేదు. ఏ బడ్జెటులోను దానికి పద్దు లేదు.

ఇక కలుపుమందునకు చావని జన్యుమార్పిడి పంటల మాట. ఇవి పురుగును చంపవు. పురుగునకు తిండి లేకుండ చేయును. పంట చావదు గనుక రైతు చేనంతటను కలుపుమందు చల్లగలడు. గట్టున, సాలునడుమ పూచు ప్రతిమొక్కయు మాడిపోవును. ఇంగ్లండులో ప్రభుత్వము ఈ పంటలకు అనుమతి నీయకముందే పెద్ద పరీక్ష జరిపించెను. ఒక్కొక్క చేనిని రెండు సగములుగా చేసి, ఒక సగమున మామూలు విత్తనమును, రెండవ సగమున జన్యుమార్పిడి విత్తనమును వేసి, అనేక ప్రదేశములలో కీటకములను లెక్కించిరి. 2003 అక్టోబరులో ఫలితములు వెలువడెను. బీటుదుంపల చేలలో జన్యుమార్పిడి సగమున తేనెటీగలు, సీతాకోకచిలుకలు తగ్గెను; ఆవజాతి నూనెపంటలో సీతాకోకచిలుకలు తగ్గెను. మొక్కజొన్నలో మాత్రము ఫలితము తలక్రిందులు. ఏలన అచ్చట మామూలు సగమున చల్లు మందే మరింత తీవ్రమైనది. పంటపంటకు ఫలితము మారునని, ముందుగా పరీక్షింపక తెలియదని దీనివలన స్పష్టము కాలేదా?

అమెరికాలో మొనార్కు సీతాకోకచిలుక కథ కూడ ఇచ్చటనే ముగియుచున్నది. పుప్పొడి దానిని చంపలేదు. కాని దాని పిల్లలకు ఆహారమైన జిల్లేడు కుటుంబపు మొక్క, కలుపుమందుల ధాటికి, 1999 - 2010 నడుమ మధ్యపశ్చిమ రాష్ట్రములలో నూటికి 58 వంతులు తగ్గెనని 2013లో ప్రకటింపబడెను. అందరును విషమును వెదకుచుండగా ఆకలి దానిని దెబ్బతీసెను. ఈ ముచ్చట మనకు దూరమైనది కాదు. కలుపుమందునకు తట్టుకొను పత్తికి మన దేశమున అనుమతి లేదు. ఐనను 2017 నాటికే అది ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర చేలలో దొంగచాటుగా పెరుగుచున్నట్లు బయటపడెను. చీకటిలో అమ్మబడు విత్తనమును ఎవరు పరీక్షించిరి? దానితోపాటు చల్లబడు గ్లైఫోసేటు మన పొలముగట్ల పూలమీద వ్రాలు కీటకములను ఏమి చేయుచున్నదో ఎవరు లెక్కించిరి? కూలి దొరకని రైతు ఇబ్బంది మేమెరుగుదుము. కాని ఆ ఇబ్బందికి దొంగవిత్తనము మందు కాదు.

ఇప్పుడు ఆవాల సంగతి. ఢిల్లీ విశ్వవిద్యాలయములో తయారైన డీఎంహెచ్-11 అను జన్యుమార్పిడి ఆవరకమును పర్యావరణములోనికి విడుదల చేయవచ్చునని 2022 అక్టోబరులో కేంద్రసంఘము సిఫారసు చేసెను. ఆవచేలు పూచిన కాలమున రాజస్థానము, హర్యానా సీమలలో తేనెటీగల పెట్టెలను చేల ప్రక్కకు చేర్చి వేలకుటుంబములు జీవించుచున్నవి. తేనెటీగలపైనను, పుప్పొడిని చేర్చు ఇతర కీటకములపైనను ఈ పంట ప్రభావమును విడుదలకు పిదప రెండేండ్లలో పరిశీలింపవలెనని సంఘమువారు షరతు పెట్టిరి. ఇరువదియేండ్లుగా కచేరి మెట్లెక్కుచున్న మాకు ఈ షరతు వింతగా తోచినది. ముందు తీర్పు చెప్పి, తరువాత సాక్షులను పిలుచు న్యాయస్థానమును మేమెచ్చటను చూడలేదు. హాని కలిగినట్లు ఋజువు లేదనుట ఒకటి. హాని కలుగదని ఋజువగుట మరొకటి. ముద్దాయి విషయమున మొదటిది చాలును. ఒక్క మనుష్యుని స్వేచ్ఛ అచ్చట ప్రశ్న. దేశమంతట విస్తరించి, పుప్పొడి రూపమున ఎల్లలు దాటి, ఒకసారి విడిచిన పిమ్మట వెనుకకు పిలువ వీలులేని వస్తువు విషయమున రెండవదే కావలెను. ఋజువు భారము విత్తనమును తెచ్చువానిది. తేనెటీగది కాదు, తేనె అమ్ముకొనువానిది కాదు.

ఆ విత్తనమువలన హాని లేదని దాని నిర్మాతలు వాదించుచున్నారు. వారి మాట నిజము కావచ్చును. అట్లైనచో ముందుగా పరీక్షించుటకు జంకు ఏల? సుప్రీంకోర్టులో ఇరువురు న్యాయమూర్తులు 2024 జూలై 23న ఈ విషయమున భిన్నమైన తీర్పులు చెప్పిరి. ఒకరు అనుమతిని కొట్టివేసిరి. మరియొకరు షరతులతో నిలిపిరి. కాని జన్యుమార్పిడి పంటలపై అందరినీ సంప్రదించి దేశమునకొక విధానమును రూపొందింపవలెనని ఇరువురును ఏకకంఠముగా పలికిరి. సంప్రదింపు మనకు కొత్త కాదు. బీటీ వంకాయపై నాటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు పట్టణములలో బహిరంగసభలు జరిపి, రైతుల మాటలు, శాస్త్రజ్ఞుల మాటలు విని, 2010 ఫిబ్రవరి 9న నిలుపుదల ప్రకటించెను. ఆ ఏడాదియే ఆ సంఘము పేరులో 'అప్రూవల్' అను మాటకు మారుగా 'అప్రైజల్' అను మాట చేరెను. అనుమతి నిచ్చు సంఘమును మదింపు చేయు సంఘముగా మార్చినారు సరే. మదింపు అనుమతికి ముందు జరుగునా తరువాత జరుగునా అను చిక్కు మిగిలియే యున్నది.

మేము శాస్త్రమునకు విరోధులము కాము. ఈ వ్యాసములోని ప్రతి ఆధారమును శాస్త్రజ్ఞులే సంపాదించి యిచ్చిరి. వారిని ముందు పిలువుడని మాత్రమే మేము కోరుచున్నాము. ఏ జన్యుమార్పిడి విత్తనమునకైనను అనుమతి నిచ్చుటకు ముందు, కంపెనీ సొమ్ముపై ఆధారపడని పరిశోధకులచేత, వేరువేరు మండలములలో, పలుకార్లు పండించి పరీక్ష జరుగవలెను. ఆ పరీక్షలో విత్తనముతోపాటు పూతను, మందును, కలుపుమందును చేర్చి చూడవలెను. మామూలు చేనితో మాత్రమే కాక, మందు చల్లని చేనితో కూడ పోల్చవలెను. ఫలితములను రైతు చదువుకొనగల తెలుగులో, తక్కిన దేశభాషలలో అచ్చువేయవలెను. అనుమతి లేని విత్తనమును అమ్మువారిని పట్టుకొనవలెను; కొన్న పేదరైతును వేధించుట తగదు.

రైతుసోదరులకును ఒక మాట. పూర్వము బీటీ పొట్లముతోపాటు 120 గ్రాముల మామూలు పత్తిగింజలు వేరుసంచిలో వచ్చుచుండెను. పురుగు విషమునకు త్వరగా అలవాటుపడకుండ చేను చుట్టును నాటుటకై అవి యీయబడెను. పలువురు దానిని పారవేసిరి. ఎందులకో ఎవరును వారికి చెప్పలేదు. అమెరికాలో ఇట్టి జాగ్రత్తలతోను, గొడ్డు రెక్కలపురుగులను విడుచుటతోను 2018 నాటికి గులాబిరంగు పురుగును పత్తిసీమనుండి తుడిచిపెట్టగలిగిరి. మనము చేయలేనిదేమి? ఖమ్మము జిల్లాలో నుండిన పునుకుల గ్రామస్థులు, వరంగల్లు జిల్లాలో నుండిన ఎనబావి గ్రామస్థులు పురుగుమందులను మాని, వేపకషాయము, లింగాకర్షక బుట్టలు, ఆముదపు ఎరపంటలతో సేద్యము చేసి చూపిరి. వారి చేలలో పనిచేసినది కొత్త సేన కాదు. మనము తరిమివేసిన పాతసేనయే తిరిగివచ్చినది. మొదటి పురుగు కనబడినంతనే డబ్బా భుజాన వేసికొనక, ఆకు త్రిప్పి ఏది శత్రువో ఏది మిత్రుడో చూచుట నేర్చుకొందము. పఠనమందిరములు నడుపు యువకులు ఒక సాయంకాలము అక్షింతల పురుగు బొమ్మను, దాని పిల్లపురుగు బొమ్మను గోడకు తగిలించి వివరించినను మేలే. ఆ పిల్లపురుగును తెగులుపురుగని భ్రమపడి చంపువారు నేటికిని గలరు.

దేశీయ విధానమునకై సంప్రదింపులు జరుగునపుడు కంపెనీల న్యాయవాదులు తప్పక హాజరగుదురు. అక్షింతల పురుగునకు వకాలతు పుచ్చుకొనువారు లేరు. తేనెటీగ అఫిడవిటు వేయలేదు. వాటి పక్షమున మాటలాడవలసినది ఆ చేనిపై బ్రతుకు రైతు, ఆ రైతు పంటపై బ్రతుకు మనము. మన జిల్లాలలోని రైతుసంఘములు, పురపాలక సభ్యులు, శాసనసభ్యులు, 'పరీక్ష ముందు, అనుమతి తరువాత' యను ఈ ఒక్క కోరికను వ్రాతమూలకముగా ప్రభుత్వమునకు పంపవలెనని మా విన్నపము.